ఆయమ్మ కొలిచే రాజు

ఆ వృద్ధాశ్రమంలో అందరూ ఆమెను ఆయమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉందేమో గాని, ఆ పేరుతో పిలిచే నోరు ఒక్కటీ లేదు. మనిషి పొట్టి, నడక చురుకు, మాట నెమ్మది. ఎవరు ఏ పని చెప్పినా "అలాగే" అన్న మాటే ఆమె నోట ముందు వచ్చేది. వంటావిడ "కాస్త ఈ గిన్నెలు చూడు" అన్నా అలాగే. వాచ్‌మన్ "గేటు దగ్గర ఒక్క నిమిషం నిలబడు, ఇప్పుడే వస్తా" అని చెప్పి, మధ్యాహ్నం భోజనం కూడా కానిచ్చుకుని తీరిగ్గా వచ్చినా అలాగే.

ఆ అలవాటు చిన్ననాటిది. తండ్రి ఒక పెద్దింట్లో వంట చేసేవాడు. ఆ ఇంటి వెనక గదిలోనే వీళ్ళ కాపురం. యజమాని చెప్పుల చప్పుడు వినపడిందంటే పిల్లలు గోడకి బల్లుల్లా అతుక్కుపోవాలి. అక్క మాత్రం ఆయన దాటిపోగానే వెనకనుంచి నాలుక బయటపెట్టి వెక్కిరించేది. చెల్లెలికి ఆపాటి ధైర్యం కూడా ఉండేది కాదు. తర్వాత పెళ్ళయింది. భర్త ఇళ్ళకి రంగులు వేసేవాడు. ముక్కు మీద సున్నపు చుక్కతోనే ఇంటికొచ్చి నవ్వించేవాడు. ఊపిరితిత్తుల జబ్బు చేసి, ఆయన కన్ను మూశాక ఆమె అక్క దగ్గరికే చేరింది. అక్క బట్టలు కుడుతుంది. అక్క నోటికి జడిసి ఇంటి ఓనరు అడగకముందే కుళాయి బాగుచేయించి పోతుంటాడు. ఇద్దరికీ పిల్లల్లేరు. ఒకరికి ఒకరు.

ఆశ్రమంలో ఆయమ్మ పని ముందు గదిలో. మంచం దిగలేనివాళ్ళందరినీ ఉంచేది ఆ గదిలోనే. తూర్పు వైపు పెద్ద కిటికీ ఉంటుంది. పొద్దున్నే ఎండ నేరుగా వాళ్ళ కాళ్ళ మీదికి వస్తుంది. పక్కబట్టలు మార్చడం, ఒళ్ళు తుడవడం, జావ తాగించడం, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం, ఇవీ ఆమె పనులు. చేతులు ఆడుతున్నంతసేపూ పెదవులూ ఆడుతుండేవి. తల్లి నేర్పిన ప్రార్థన అది. "రాజా, నా రాజా, ఈ పూట కూడా నీ చెయ్యి తోడుంచు."

అలాంటి ఒక ఉదయం, నేల తుడుస్తూ ఆమె "రాజా, నా రాజా" అనగానే, వెనక మంచం మీదినుంచి గది అదిరేలా ఒక గొంతు పలికింది.

"ఏమి పరిచారికా! ఏల పిలిచితివి? నీ కోరిక ఏమి?"

ఆయమ్మ చేతిలో గుడ్డ జారి బకెట్లో పడింది. తిరిగి చూస్తే, ముందు రోజు సాయంత్రం చేరిన కొత్త ముసలాయన. దిండుకి ఆనుకుని, దుప్పటి భుజాన వేసుకుని, గడ్డం పైకెత్తి ఆమెకేసి చూస్తున్నాడు.

"నేను… మిమ్మల్ని కాదు తాతయ్యా."

"ఈ సభలో నేను కాక వేరొక రాజున్నాడా?"

పక్క మంచాల మీదివాళ్ళు పకపకా నవ్వారు. ఏళ్ళ తరబడి నవ్వని వాళ్ళు కూడా నవ్వారు.

ఆయన నాటకాల మనిషి. వయసంతా ఊరూరా తిరిగి రాజు వేషాలే కట్టాడు. ఇప్పుడు కాళ్ళు పడిపోయాయి. మతి కూడా ఒక్కోరోజు ఒక్కోలా ఉండేది. ఒక రోజు తానెవరో, ఎక్కడున్నాడో అన్నీ తెలిసేవి. మరో రోజు ఆ గది రాజసభ అయ్యేది, పక్క మంచం మీద పక్షవాతంతో పడున్న వడ్రంగి తాత సేనాధిపతి అయ్యేవాడు, మందుల ట్రాలీ తోసుకొచ్చే నర్సు శత్రుదేశపు రాయబారి అయ్యేది. అందరూ ఆయన్ని మహారాజు అనడం మొదలుపెట్టారు.

ఆయమ్మ తేలిగ్గానే కలిసిపోయింది. "మహాప్రభూ, తమరు కాస్త ఎడమ పక్కకి ఒత్తిగిలితే దుప్పటి లాగుతాను" అనేది. ఆయన ఒత్తిగిలి, "నీ విన్నపం మన్నించితిమి" అనేవాడు. కానీ ఆమె ఇంకొక రాజుని పిలుస్తుందన్న సంగతి మాత్రం ఆయనకి మింగుడుపడలేదు.

ఒకరోజు జావ తాగిస్తుంటే ఆరా తీశాడు. ఆ రోజు మతి బాగానే ఉంది, గొంతు మామూలుగానే ఉంది.

"ఇంతకీ ఎవరమ్మా నీ రాజు?"

"యేసయ్య, తాతయ్యా."

"రాజధాని ఎక్కడ?"

"ఆయన రాజ్యం ఈ లోకపు రాజ్యాల్లాంటిది కాదంట."

"సరే. సైన్యం?"

"పిలిస్తే వచ్చేదంట. పిలవలేదు."

"ఏనుగులో గుర్రాలో ఉండాలి కదా?"

"ఒకసారి గాడిదెక్కి ఊళ్ళోకొచ్చాడు. అది కూడా అడిగి తెప్పించుకున్నదే."

ముసలాయనకి నవ్వాగలేదు. పొలమారి దగ్గొచ్చింది. ఆయమ్మ వీపు నిమిరి, మూతి తుడిచింది. ఆయన ఊపిరి కూడదీసుకుని, "కిరీటమన్నా ఉందా మీవాడికి?" అన్నాడు.

"ఉంది. ముళ్ళది."

ఆ మాటకి నవ్వు ఆగిపోయింది. ఆయన చెయ్యి తెలియకుండానే నుదుటి మీదికి వెళ్ళింది.

"నాది అట్ట కిరీటం. దానికే ఇక్కడంతా ఒరుసుకుపోయేది. ఆట అయ్యాక నూనె రాసుకుని పడుకునేవాణ్ణి. ముళ్ళదేంటమ్మా! ఎవరు పెట్టారు?"

"సిపాయిలు. ఎగతాళికి. ఎర్రటి అంగీ తొడిగి, చేతికి రెల్లు కర్ర ఇచ్చి, మోకాళ్ళ మీద పడి దండాలు పెట్టి నవ్వుకున్నారు."

"అంటే వేషం కట్టారన్నమాట."

"అంతే."

"వేషమని నువ్వే అంటున్నావు. మరి నిజం రాజని పొద్దున్నే పిలుస్తావేంటి?"

ఆయమ్మ గిన్నె అడుగున మిగిలిన జావని చెంచాతో తిప్పుతూ ఉండిపోయింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచి పలుకుతున్న మాటే. ఆ మాటకి అర్థమేంటని ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదు. రాజంటే ఆమెకు తెలిసిందల్లా చిన్నప్పటి చెప్పుల చప్పుడే. దారి ఇవ్వాలి, గోడకి అతుక్కోవాలి, కళ్ళెత్తకూడదు. యేసయ్య కూడా ఎక్కడో పైన అలాగే నడుస్తుంటాడని, కాకపోతే కాస్త దయగా చూస్తాడని అనుకుంటూ వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు చర్చిలో కుర్చీలు సర్దుతుంటే, తానూ ఒక కుర్చీ అందుకుని విషయం చెప్పింది. ఆయన పెద్దవాడు, నిదానస్తుడు. తెలియనిది తెలియదనే చెప్పే మనిషి. నాటకాల ముసలాయన ప్రశ్న వినగానే చేతిలో కుర్చీ కింద పెట్టి, దాని మీదే కూర్చున్నాడు.

"భలే అడిగాడమ్మా! నన్నెవరూ అలా అడగలేదు." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "వాళ్ళు వేషమే కట్టారు, నిజమే. సిలువ మీద 'రాజు' అని పలక కొట్టించింది కూడా గౌరవంతో కాదు. కానీ చూడు, లోకంలో రాజులు తమ కోసం జనాన్ని చావమంటారు. ఈయన జనం కోసం తాను చావడానికి వెళ్ళాడు. మేకులు కొట్టేవాళ్ళని క్షమించమని తండ్రిని అడిగాడు. ఆ క్షమించే అధికారం అక్కడ ఎవరికుంది? సిపాయిలకి లేదు, తీర్పు చెప్పిన గవర్నరుకీ లేదు. అంత దెబ్బతిన్న మనిషి చేతిలోనే ఉంది. చావు కూడా ఆయన్ని పట్టి ఉంచలేకపోయింది. ఎగతాళికి అన్న మాటని అందుకే మనం నిజమని పట్టుకున్నాం."

ఆయమ్మ తల ఊపింది గాని, ముఖంలో ఇంకా ఏదో తేలలేదు.

"ఇంకా తేలిగ్గా చెప్పండయ్యగారూ. నేను ఆయనకి చెప్పాలి కదా."

"తేలిగ్గా అంటే… ఎవరి మాట చెల్లుతుందో వాడు రాజు. మనం ఆయన్ని రాజా అన్నామంటే, మన బతుకులో ఆయన మాటే చెల్లాలి. ఆయనేమో తన శిష్యుల కాళ్ళు కడిగి, అదే పెద్దరికమని చేసి చూపించాడు. కష్టమంతా అక్కడే ఉంది."

ఇంటికి పోయి అక్కకి చెప్పింది. అక్క కుట్టుమిషను తొక్కుతూనే విని, పంటితో దారం తెంపి, "నీ బతుకులో మీ యేసయ్య మాట చెల్లుతుందేంటే? మీ వాచ్‌మన్ మాటే ఎక్కువ చెల్లుతుంది" అంది.

అక్క నవ్వుతూనే అంది. కానీ ఆ మాట ఆయమ్మ గుండెలో ముల్లులా దిగింది.

కొన్నాళ్ళకి మేనేజరు ఆఫీసులోకి పిలిపించాడు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. కప్పు కారితే తానే నిచ్చెనెక్కి చూసే మనిషి. కాకపోతే ఎప్పుడూ తరుముకొస్తున్నట్టు మాట్లాడతాడు.

"ఆయమ్మా, మన ఆశ్రమానికి సాయం చేసే పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. అడుగుపెట్టగానే మంచాలు, మందుల వాసన! ఏం బాగుంటుంది? ముందు గదిని సోఫాలు వేసి కూర్చునే గది చేద్దాం. మంచాలన్నీ వెనక సామాన్ల గదిలోకి మార్చేద్దాం."

"వెనక గదికి కిటికీ లేదు కదా సార్."

"లైటుంది కదా. వాళ్ళు గొడవ పెట్టకుండా నువ్వే చెప్పు. గోడలకి రంగులు వేస్తున్నాం, నాలుగు రోజుల్లో తిరిగి తెచ్చేస్తాం అని. నువ్వు చెప్తే నమ్ముతారు."

"అలాగే సార్" అంది ఆయమ్మ. నోరు అలవాటు కొద్దీ అనేసింది.

ముందు గదిలోకి వచ్చేసరికి ఎండ వడ్రంగి తాత మోకాళ్ళ దాకా పాకింది. ఆయనకి మాట రాదు. ఒక చెయ్యి మాత్రం ఆడుతుంది. ఆ చేతిని ఎండలో పెట్టి, వేళ్ళు తెరిచి మూసి ఆడుకుంటున్నాడు. మహారాజు ఆ రోజు మామూలు మనిషిగానే ఉన్నాడు.

"ఏంటమ్మా, ముఖం అలా వాడిపోయింది?"

"తాతయ్యా… గోడలకి…"

"గోడలకేమైంది?"

ఆమె గోడలకేసి చూసింది. ఎదురుగా వడ్రంగి తాత చేతి నీడ ఆడుతోంది.

"గోడలకేం కాలేదు" అంది. "ఇప్పుడే వస్తా."

ఆఫీసు తలుపు దాకా నడిచింది. గోడకి ఆనుకోబోయి, ఆనుకోకుండా నిలబడింది. లోపలికి వెళ్ళింది.

"సార్, ఆ రంగుల మాట నేను చెప్పలేను."

మేనేజరు ఫోనులోంచి తల ఎత్తలేదు. "ఏం, అప్పుడే మర్చిపోయావా?"

"లేదు సార్. అబద్ధం కదా. వాళ్ళు నన్ను నమ్ముతారని మీరే అన్నారు. అందుకే చెప్పలేను."

ఇప్పుడు తలెత్తాడు. ఆ మనిషి నోట అంత పొడవాటి మాట ఆయన ఎన్నడూ వినలేదు.

"నువ్వు జవాబు చెప్పుకోవాల్సింది నాకా, వాళ్ళకా?"

"మీకే సార్. కాకపోతే మీకన్నా ముందు ఇంకొకరికి చెప్పుకోవాలి."

"ఎవరికి? ట్రస్టు వాళ్ళకా? పైకి ఫిర్యాదు చేశావా?" ఒంటికాలి మీద లేచాడు.

"అయ్యో, లేదు సార్! నేను పొద్దున్నే రాజా అని పిలుస్తానే, ఆయనకి."

"ఆ నాటకాల ముసలాయనకా!"

అంత భయంలోనూ ఆయమ్మకి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కాదు సార్, యేసయ్యకి. ఆయన కాళ్ళు కడిగే రాజు సార్. నన్నూ ఆ పనికే పెట్టుకున్నాడు. వాళ్ళని చీకట్లోకి తొయ్యడానికి నాకు చెయ్యి రాదు. మీ మీద నాకు గౌరవం లేక కాదు. మీరేం శిక్ష వేసినా ఎదురు చెప్పను."

మేనేజరు ఫోను బల్ల మీద పెట్టాడు. తర్వాత, "రేపట్నుంచి ముందు గదిలోకి రావద్దు. బట్టలుతికే షెడ్డులో పని చూసుకో" అన్నాడు.

"అలాగే సార్."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది, జ్వరం దిగిన పొద్దులాగా. చిన్నప్పటినుంచీ మోస్తున్న చెప్పుల చప్పుడు చెవుల్లోంచి ఎవరో తీసేసినట్టనిపించింది. ఆ రాజు తనని గోడకి అతుక్కోమని ఎన్నడూ అనలేదు. లేచి నిలబడమనే అన్నాడు. ఆ సంగతి ఇన్నేళ్ళకి తెలిసింది.

మర్నాడు మంచాలు మార్చాలి. షెడ్డులో ఉతుకుతున్న ఆయమ్మకి ఆ సంగతి తెలుసు గాని, ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అనాల్సిన పని కూడా లేకపోయింది. ఆశ్రమంలో గోడలకి చెవులు ఎక్కువ. మేనేజరు మంచాలు ఎత్తడానికి వంటావిడని పిలిస్తే, "పాలు పొంగుతున్నాయి సార్" అంది. వాచ్‌మన్‌ని పిలిస్తే నడుం పట్టుకుని, "పొద్దుట్నుంచీ ఒకటే నొప్పి సార్, వంగితే లేవలేను" అన్నాడు. వంగి బీడీ ముక్క ఏరుకోవడం అంతకుముందే అందరూ చూశారు. నర్సుకి ఎన్నడూ లేనిది మందుల అలమారా సర్దాలని అప్పుడే గుర్తొచ్చింది. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు, చెయ్యి ఖాళీ ఉన్నవాళ్ళూ ఒక్కరూ లేరు.

మేనేజరుకి పౌరుషం పొడుచుకొచ్చింది. చొక్కా చేతులు మడిచి తానొక్కడే ముందు గదిలోకి వెళ్ళి, వడ్రంగి తాత మంచం ఒక కొస పట్టుకుని లాగాడు. మంచం కాస్త జరిగింది. ఎండలో ఉన్న వడ్రంగి తాత చెయ్యి నీడలోకి వచ్చింది. ఆయన కంగారుగా ఆ చెయ్యి ఎండకేసి చాచాడు. గొంతులోంచి ఏదో మూలిగాడు. మేనేజరుకి అర్థం కాలేదు.

"ఓయీ సేవకా!" అని అదిలించాడు మహారాజు. ఆ రోజు సభ తీరి ఉంది. "కనుట లేదా? మా సేనాధిపతికి దాహము! జలమిమ్ము!"

మేనేజరు చుట్టూ చూశాడు. గదిలో లేచి నిలబడగల మనిషి తను తప్ప వేరే లేడు. గ్లాసు తీసి వడ్రంగి తాత నోటికి అందించాడు. నీళ్ళు గడ్డం మీదినుంచి మెడలోకి కారాయి. తాత ఉక్కిరిబిక్కిరయ్యాడు. మేనేజరు కాళ్ళూ చేతులూ ఆడక, "ఎవరక్కడ!" అని అరిచాడు.

ఉతికిన దుప్పట్లు ఆరేస్తున్న ఆయమ్మ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. రావద్దన్న మాట ఇద్దరికీ గుర్తు లేదు.

"తల వెనక చెయ్యి పెట్టండి సార్. ఇలా. కొంచెం ముందుకి వంచి పట్టండి. ఇప్పుడు కొద్దికొద్దిగా."

మేనేజరు అరచేతిలో ఆ తల ఇమిడింది. పసిపిల్లవాడి తలలా తేలిగ్గా ఉంది. తాత రెండు గుక్కలు తాగి, మూడోది నెమ్మదిగా మింగి, ఆడే చేత్తో మేనేజరు మణికట్టు పట్టుకున్నాడు. వదల్లేదు. మేనేజరు అలాగే వంగి నిలబడ్డాడు, నడుం నొప్పి పుట్టేదాకా.

ఆ తర్వాత ఏం ఆలోచించుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. మంచాన్ని తిరిగి ఎండలోకి తోశాడు. సోఫాలు ఆఫీసు గదిలో వేయించి, తన బల్ల వరండాలోకి మార్చుకున్నాడు. ఆయమ్మతో మాత్రం ముభావంగానే ఉన్నాడు. చాలా రోజులు ఆమె షెడ్డులోనే ఉతికింది. సాయంత్రం పని దిగాక ముందు గదిలోకి వెళ్ళి కాసేపు కాళ్ళు పట్టి వచ్చేది. చివరికి ఒకరోజు మేనేజరే, ఎటో చూస్తూ, "నువ్వు లేకపోతే మహారాజుగారు భోజనం ముట్టడం లేదంట. రేపట్నుంచి లోపలికి రా" అన్నాడు.

మహారాజుకి ఇంక ఎన్నాళ్ళో లేవని అందరికీ తెలుస్తూనే ఉంది. సభ తీరే రోజులు తగ్గాయి. ఒక మధ్యాహ్నం ఆయమ్మ వేణ్ణీళ్ళతో పాదాలు తుడుస్తుంటే కళ్ళు తెరిచాడు.

"అమ్మాయ్, వేషం సంగతి అడిగాను కదా నిన్ను. జవాబు చెప్పనే లేదు."

"పాస్టరుగారు చెప్పారు తాతయ్యా. మా రాజు శిష్యుల కాళ్ళ దగ్గరికి దిగి కాళ్ళు కడిగాడంట. అంతకుమించి నాకే సరిగ్గా చెప్పడం రాలేదు."

"అక్కర్లేదులే, కొంత కనపడింది." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నేను కట్టిన రాజులంతా సింహాసనం దిగేవాళ్ళు కాదు. దిగితే యుద్ధానికి దిగేవాళ్ళు. మీవాడు కాళ్ళ దగ్గరికి దిగాడన్నావు. అలాంటి వేషం మా నాటకాల కంపెనీలో ఎవరూ రాయలేదు." మళ్ళీ కళ్ళు మూసుకుని, "ఆయన సభలోకి నాలాంటివాణ్ణి రానిస్తారా?" అన్నాడు.

ఆయమ్మ చేతిలో తువ్వాలు ఆగింది. "సిలువ మీద పక్కనే వేలాడుతున్న దొంగ కూడా ఇదే అడిగాడు తాతయ్యా. యేసయ్య ఆ రోజే రమ్మన్నాడు."

ఆయన కళ్ళు తెరిచి ఆమెకేసి చూశాడు. తర్వాత పాస్టరుగారిని ఒకసారి పిలిపించమన్నాడు. వాళ్ళిద్దరూ తలుపు దగ్గరేసుకుని ఏం మాట్లాడుకున్నారో గాని, మధ్యమధ్య నవ్వులు మాత్రం వినపడ్డాయి.

ఆయన పోయిన ఉదయం బంధువులంటూ ఎవరూ రాలేదు. మంచం చుట్టూ వంటావిడ, వాచ్‌మన్, నర్సు, మేనేజరు నిలబడ్డారు. అక్క కూడా కుట్టుమిషను ఆపుకుని వచ్చింది. ఆయన మీద కప్పడానికి తెల్లటి గుడ్డకి అంచు కుట్టి తెచ్చింది. పాస్టరుగారు ఆయమ్మకేసి చూసి, "నువ్వే ప్రార్థన చెయ్యమ్మా" అన్నాడు.

ఆమె ఎన్నడూ పదిమందిలో గొంతు విప్పలేదు. వెనక్కి ఒక అడుగు వేయబోయి ఆగింది.

"రాజా, ఈయన ఎందరో రాజుల వేషాలు వేశాడు. బాగా అలిసిపోయాడు. నీ దగ్గర కాసేపు కూర్చోనివ్వు. నీకు మంచి మాటకారి దొరికాడు. మా వడ్రంగి తాత దిగులు పడతాడు, ఆయన్ని చూసుకో. మమ్మల్నందర్నీ నీ మాట వినేవాళ్ళుగా చెయ్యి."

"ఆమేన్" అన్నవాళ్ళలో మేనేజరు గొంతు కూడా ఉందని అక్క తర్వాత ఇంట్లో నొక్కి నొక్కి చెప్పింది. ఆయమ్మకి అదేం తెలియదు. ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

కొన్ని రోజులకి ఆ మంచం మీదికి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. బండ మనిషి, తుంటి విరిగింది. మొదటి పూటే బకెట్టూ తువ్వాలూ చూసి గదంతా వినపడేలా అరిచాడు.

"నాకెవరూ ఒళ్ళు తుడవక్కర్లేదు! పో అవతలికి!"

"సరే బాబాయ్, మీరే తుడుచుకోండి" అంది ఆయమ్మ, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "నేను నీళ్ళు చల్లారకుండా చూస్తుంటా."